ఉద్యోగం చేస్తూ బి.ఎస్సీ. నర్సింగ్: ఫీజు కట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఆపరేషన్ అయిన భార్యకు తోడుగా వచ్చిన ఒక రైతు, వార్డులో సిస్టరుగారికి ఒక కరపత్రం చూపించాడు. "ఇంటర్నెట్ ద్వారా బి.ఎస్సీ. నర్సింగ్. తరగతులు లేవు, హాజరు లేదు. ఏడాదిలో డిగ్రీ మీ చేతికి" అని దానిమీద పెద్ద అక్షరాలతో ఉంది. ఆయన కూతురు జి.ఎన్.ఎం. చదివి, పట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో మూడేళ్లుగా పనిచేస్తోంది.

"శనివారంలోగా సగం ఫీజు కట్టాలంటున్నారు సిస్టరమ్మా. పాడిగేదెను అమ్మయినా కడతాను. కాని ఇది మంచిదేనా?" అని అడిగాడు.

ఇది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో చాలా ఇళ్లలో నర్సు ఉద్యోగం చేసే కూతురో, కోడలో, చెల్లెలో ఉంటుంది. పై చదువు చదవాలన్న ఆశ ఆమెకు ఉంటుంది. ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. అందుకే ఉద్యోగం చేస్తూ ఇంటినుండే చదువుకోవచ్చంటే మనసు అటువైపు లాగుతుంది. అయితే తెల్లనివన్నీ పాలు కావు. ఈ విషయంలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా చదువుల పేర్లు

నర్సింగ్ చదువులలో మెట్లు ఉన్నాయి. అవి తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

ఎ.ఎన్.ఎం. అంటే రెండేళ్ల కోర్సు. గ్రామాలలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసేవారిలో చాలామంది ఇది చదివినవారే.

జి.ఎన్.ఎం. అంటే జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా. ఇప్పుడు దీని కాలం మూడేళ్లు. ఇది పూర్తిచేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారు రిజిస్టర్డ్ నర్సులు.

బి.ఎస్సీ. నర్సింగ్ అంటే ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్లు కాలేజీలోనూ ఆసుపత్రిలోనూ చదివే డిగ్రీ.

పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ అంటే జి.ఎన్.ఎం. అయి రిజిస్టర్డ్ నర్సుగా ఉన్నవారు చదివే డిగ్రీ. కాలేజీకి వెళ్లి చదివితే రెండేళ్లు. ఉద్యోగంలో ఉన్న నర్సుకు సరిపోయేది ఇదే. ఎ.ఎన్.ఎం. చదివినవారు నేరుగా ఇందులో చేరలేరు, ముందు జి.ఎన్.ఎం. పూర్తిచేయాలి.

ఇంకొక సంగతి. హైదరాబాదులో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. ఇప్పుడు దానిపేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దూరవిద్య ద్వారా అక్కడ బి.ఏ. చదివిన నర్సులు చాలామంది ఉన్నారు. అది మంచి డిగ్రీయే, కాని నర్సింగ్ డిగ్రీ కాదు. నర్సింగ్ డిగ్రీ అడిగే ఉద్యోగానికి దానిని చూపించలేము.

ఈ డిగ్రీ వల్ల రోగికి ఏమి మేలు?

"మా అమ్మాయికి పని వచ్చు. డిగ్రీ కాగితం దేనికి?" అని కొందరు అంటారు. దీనికి జవాబు పరిశోధనలలో ఉంది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులలో ఆపరేషన్ చేయించుకున్న రోగుల వివరాలను లిండా ఐకెన్, ఆమె తోటి పరిశోధకులు పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. డిగ్రీ చదివిన నర్సుల శాతం 10 పెరిగినచోట, 30 రోజుల లోపల రోగి మరణించే అవకాశం సుమారు 5 శాతం తక్కువగా కనిపించింది. ఆ తరువాత ఐరోపాలోని తొమ్మిది దేశాలలో జరిపిన పరిశోధన 2014లో వెలువడింది. అక్కడ ఈ తగ్గుదల సుమారు 7 శాతం.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. డిగ్రీ కాగితమే ప్రాణం కాపాడిందని ఈ లెక్కల అర్థం కాదు. డిగ్రీ నర్సులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రులలో ఇతర వసతులు కూడా మెరుగుగా ఉండవచ్చు. పరిశోధకులు అలాంటి తేడాలను వీలైనంతవరకు లెక్కలోకి తీసుకున్నారు. చదువుకూ రోగి క్షేమానికీ సంబంధం ఉన్నదని మాత్రం చెప్పుకోవచ్చు. రోగి ఊపిరిలో, నాడిలో, మాటలో వచ్చే చిన్న మార్పును ముందుగా పసిగట్టి డాక్టరుకు చెప్పడం నర్సు పని. ఆ చూపు పుస్తకం వల్ల కొంత, రోగి పక్కన గురువుతోపాటు నిలబడి నేర్చుకోవడం వల్ల కొంత వస్తుంది. రెండవది లేని డిగ్రీ వల్ల రోగికి మేలు లేదు.

ఉద్యోగరీత్యా కూడా ఉపయోగం ఉంది. ఎయిమ్స్ ఆసుపత్రులలో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగానికి బి.ఎస్సీ. లేదా పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు. జి.ఎన్.ఎం. మాత్రమే ఉన్నవారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఎం.ఎస్సీ. నర్సింగ్ చదవాలన్నా ముందు ఈ డిగ్రీ ఉండాలి.

మన దేశంలో ఆన్‌లైన్ నర్సింగ్ డిగ్రీ ఉందా?

పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివే నర్సింగ్ డిగ్రీకి మన దేశంలో అనుమతి లేదు. దూరవిద్య, ఆన్‌లైన్ విద్య గురించి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2020లో నిబంధనలు విడుదల చేసింది. ఆ పద్ధతులలో నడపకూడదని చెప్పిన చదువులలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ వంటివాటితోపాటు నర్సింగ్ కూడా ఉంది. కారణం మీకు తెలిసిందే. ఇంజక్షన్ ఇవ్వడం, కాన్పు చేయడం కంప్యూటరు తెరమీద చూసి నేర్చుకునే పనులు కావు.

మరి ఉద్యోగం చేసే నర్సుకు దారి లేదా? ఉంది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, 1994 నుండి ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ కోర్సు నడుపుతూ వచ్చింది. దీని ముఖ్యాంశాలు ఇవి.

1. కనీస కాలం మూడేళ్లు. "ఏడాదిలో డిగ్రీ" అన్న మాట ఇక్కడ లేదు.

2. నర్సుగా, మిడ్‌వైఫ్‌గా కౌన్సిల్‌లో నమోదై, ఉద్యోగంలో ఉండాలి. ఇంటర్ తరువాత జి.ఎన్.ఎం. చదివినవారికి నమోదు తరువాత రెండేళ్ల అనుభవం, పదవ తరగతి తరువాత చదివినవారికి ఐదేళ్ల అనుభవం అడుగుతారు.

3. ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంగ్లీషులో చదవాలి.

4. పాఠ్యపుస్తకాలు ఇంట్లో చదువుకోవచ్చు. కాని అధ్యయన కేంద్రానికి వెళ్లి ప్రాక్టికల్స్ చేయడం తప్పనిసరి.

నిబంధనలు, ఫీజు, సీట్లు మారుతూ ఉంటాయి. అందుచేత చేరే సంవత్సరం ప్రకటనను, ప్రాస్పెక్టస్‌ను చదివిన తరువాతే దరఖాస్తు చేయాలి.

గుర్తింపు ఎవరు ఇస్తారు అన్నది కూడా తెలుసుకోవాలి. 1947 చట్టం ప్రకారం ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దేశమంతటా నర్సింగ్ చదువుల ప్రమాణాలను నిర్ణయిస్తూ వచ్చింది. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను ఏర్పాటు చేయడానికి పార్లమెంటు 2023లో చట్టం చేసింది. పేరు ఏదైనా, ఈ జాతీయ సంస్థ, మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకోని డిగ్రీతో నర్సుకు లాభం లేదు.

అమెరికాలో మాట వేరు

అమెరికాలో ఉన్న మన బంధువులు "ఇక్కడ నర్సులంతా ఆన్‌లైన్‌లోనే డిగ్రీ చదువుతున్నారు" అని ఫోనులో చెబుతుంటారు. అందులో కొంత నిజం ఉంది. అయితే అక్కడి ఏర్పాటు అర్థం చేసుకోవాలి.

అక్కడ రెండు, మూడేళ్ల చదువుతో ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. ఆ తరువాత ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తిచేసే కోర్సును ఆర్.ఎన్. టు బి.ఎస్.ఎన్. అంటారు. చేరేవారు అప్పటికే లైసెన్సు ఉన్న నర్సులు, చేతిపని ఆసుపత్రిలో నేర్చుకున్నవారు. కనుక ఎక్కువ పాఠాలు ఆన్‌లైన్‌లో చెబుతారు. న్యూయార్క్ రాష్ట్రమైతే కొత్తగా నర్సులయ్యేవారు పదేళ్లలోగా డిగ్రీ పూర్తిచేయాలని 2017లో చట్టం చేసింది.

అక్కడ కోర్సు ఎంచుకునేవారు ముందుగా చూడవలసినది గుర్తింపు. నర్సింగ్ కోర్సులకు సి.సి.ఎన్.ఇ., ఎ.సి.ఇ.ఎన్. అనే రెండు సంస్థల గుర్తింపు ప్రధానమైనది. అది లేని డిగ్రీతో పై చదువులకు, మంచి ఆసుపత్రులకు వెళ్లడం కష్టం.

మోసం అక్కడా ఉంది. ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ పాఠశాలల పేరుమీద 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్ముడయ్యాయని అమెరికా ప్రభుత్వం 2023 జనవరిలో బయటపెట్టి, 25 మందిమీద కేసులు పెట్టింది. కొన్నవారి డబ్బు పోయింది. అనేకమంది లైసెన్సులు చిక్కులో పడ్డాయి. అన్నిటికన్నా పెద్ద భయం, చదవని చేతులు రోగులను తాకడం.

అక్కడి ఆన్‌లైన్ డిగ్రీని ఇక్కడ కూర్చుని కొంటే అది మన కౌన్సిల్‌లో దానంతట అది చెల్లదు. "అమెరికా డిగ్రీ" అన్న మాటకు మోసపోకండి.

ఫీజు కట్టే ముందు ఏడు ప్రశ్నలు

అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. ఈ ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడకండి. జవాబులు కాగితంమీద తీసుకోండి.

1. డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం పేరు ఏమిటి? మధ్యలో ఉన్న "స్టడీ సెంటర్" పేరు కాదు, సర్టిఫికెట్‌మీద అచ్చయ్యే పేరు.

2. నర్సింగ్ కౌన్సిల్ ఈ కోర్సును గుర్తించిందా? వారు చూపే జిరాక్సు కాగితాన్ని నమ్మకుండా, రాష్ట్ర కౌన్సిల్ కార్యాలయాన్ని మీరే అడగండి.

3. ఈ డిగ్రీని కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేస్తారా?

4. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని రోజులు? "అవసరం లేదు" అంటే లేచి వచ్చేయండి.

5. మొత్తం ఖర్చు ఎంత? ఫీజుతోపాటు పరీక్ష ఫీజు, పుస్తకాలు, ప్రయాణం, బస లెక్క వేయండి.

6. మధ్యలో మానవలసి వస్తే డబ్బు వాపసు ఇస్తారా?

7. ఉద్యోగం చేసే ఆసుపత్రి అనుమతి ఇస్తుందా? సెలవు దొరుకుతుందా? ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు శాఖ అనుమతి ముందుగానే తీసుకోవాలి.

మరొక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ అప్పగించకండి. "ఈ రోజే చివరి రోజు" అని తొందరపెట్టేవారి దగ్గర మరింత జాగ్రత్తగా ఉండండి.

ఇంట్లోవారు చేయవలసిన సాయం

కోర్సు మంచిదైనా, ఇంట్లో సాయం లేకపోతే చదువు మధ్యలో ఆగిపోతుంది. నైట్ డ్యూటీ చేసి ఉదయం ఇంటికి వచ్చిన అమ్మాయిని వంటకు, బట్టలకు పురమాయిస్తే ఆమె చదివేది ఎప్పుడు, నిద్రపోయేది ఎప్పుడు? పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని నర్సు మందు మోతాదులో పొరపాటు పడవచ్చు. ఆ పొరపాటు మరొక కుటుంబాన్ని బాధపెడుతుంది.

అందుచేత చేరకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. నైట్ డ్యూటీ తరువాత ఆమె పడుకునే గదిలో చీకటి, నిశ్శబ్దం ఉండేలా చూడండి. వారంలో ఏ రోజులు చదువుకు, ఏ పనులు భర్తకు, ఏవి అత్తగారికి అన్నది పంచుకోండి. ప్రాక్టికల్స్‌కు వెళ్లే రోజులలో పిల్లలను ఎవరు చూస్తారో ముందే అనుకోండి. మూడేళ్లు తక్కువ కాలం కాదు. ఆమె ఒక్కతే మోస్తే బరువు, నలుగురు పట్టుకుంటే తేలిక.

ఆ రైతు ఏమి చేశాడు?

సిస్టరుగారు ఆయనకు ఈ ప్రశ్నలే రాసి ఇచ్చారు. ఆయన కూతురు కరపత్రంలోని నెంబరుకు ఫోను చేసి మొదటి ప్రశ్న అడిగింది. "చేరాక చెబుతాం" అన్నారు. ప్రాక్టికల్స్ సంగతి అడిగితే "మేము చూసుకుంటాం, మీరు రానక్కరలేదు" అన్నారు. కౌన్సిల్ కార్యాలయంలో అడిగితే అలాంటి కోర్సుకు గుర్తింపు లేదని తెలిసింది. శనివారం దాటిపోయింది. గేదె కొట్టంలోనే ఉంది. ఆమె ఇప్పుడు ప్రవేశ పరీక్షకు చదువుతోంది. భార్యను డిశ్చార్జి చేయించుకుని వెళుతూ ఆయన, "మూడేళ్లయితే మూడేళ్లే అవనీయండి సిస్టరమ్మా. నేర్చుకున్నదే నిలుస్తుంది" అన్నాడు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో లేదా మీ వీధిలో నర్సు ఉద్యోగం చేసేవారు ఏ మెట్టుమీద ఉన్నారు? వారి తరువాతి మెట్టు ఏది?

2. ప్రాక్టికల్స్ లేని నర్సింగ్ డిగ్రీ ఎందుకు పనికిరాదు? మీ పిల్లలకు మీ మాటలలో చెప్పండి.

3. ఆమె చదువు కోసం మీరు తీసుకోగల ఇంటిపని ఏది? ఈ వారమే మొదలుపెట్టండి.