తలకెక్కని టోపీ

ప్రశ్న: అమెరికా వీడియోలో ‘8వ నంబరు సూది, 96 కుట్లు’ అన్నారు. తు.చ. తప్పకుండా అల్లాను. అమ్మాయికని అల్లిన చారల వదులు టోపీ మూడేళ్ల మనవడికే ఇరుకైంది. ఊలు దండగేనా?
– ఒక అమ్మమ్మ, కరీంనగర్

జవాబు: చలికాలం ఉత్తరాల్లో ఎప్పుడూ ఇదే గోల, కనుక తీరిగ్గా చెబుతాను. అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్ల సూది. మన దుకాణాల్లో నడిచే పాత బ్రిటిష్ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లే. అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది, ఇక్కడ సన్నబడుతుంది. మీరు కొనాల్సింది మన 6వ నంబరు. ఇకమీదట మిల్లీమీటర్లే అడగండి.

అసలు రోగం మాత్రం ముక్క అల్లి చూసుకోకపోవడం. కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టమని టైలరుకు ఇస్తారా? ఆరంగుళాల చదరం అల్లి, తడిపి, ఆరబెట్టి, నడుమ నాలుగంగుళాల్లో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. వీడియో ఆవిడకు 18 పడితే 96 కుట్లకు 21 అంగుళాల పైచిలుకు వస్తుంది. మీకు 24 పడితే అవే కుట్లు 16 అంగుళాలు! తల చుట్టుకొలత 22 అయితే టోపీ 20 చాలు, సాగి పట్టుకుంటుంది. అంగుళానికి ఆరు చొప్పున 120 కుట్లు ఎక్కించండి. ఎనిమిదితో భాగం పోయే సంఖ్య కాబట్టి అంచులో రెండు నిట్, రెండు పర్ల్ సరిగ్గా కుదురుతాయి; పైన ఎనిమిది చోట్ల తగ్గించడమూ సులువే.

ఊలుకేం కాలేదు. విప్పండి. ఉన్నిదైతే చిలపగా కట్టి, తడిపి వేలాడదీస్తే ముడతలు పోతాయి. విప్పడానికి సిగ్గుపడేవాళ్లకు అల్లిక రాదు.

ప్రశ్న: గుండ్రంగా అల్లుతుంటే, రంగు మార్చిన చోట చార మెట్టులా విరుగుతోంది.

జవాబు: గుండ్రపు అల్లిక సుడి తిరుగుతూ పైకెక్కుతుంది, అందుకే వరస మొదలూ చివరా కలవవు. కొత్త రంగుతో ఒక వరస పూర్తిచేసి, రెండో వరసలో మొదటి కుట్టును అల్లకుండా కుడి సూదికి జరిపేయండి. మెట్టు దాదాపు కనబడదు. ఒక్క వరస చారలకు ఈ ఉపాయం పనిచెయ్యదు. చారలు సన్నవైతే మాటిమాటికీ ఊలు తెంపకుండా లోపలివైపు నుంచి పైకి లాక్కుపోండి.

ప్రశ్న: వదులు టోపీ కళ్ల మీదికి జారుతోంది.

జవాబు: వదులు ఉండాల్సింది పైన, అంచులో బిగువే కావాలి. అంచు రెండంగుళాలు రెండు నంబర్లు సన్న సూదితో అల్లండి. ఒళ్లు 8తో అయితే అంచు 10తో. మామూలు టోపీకి ఎనిమిదంగుళాల ఎత్తు చాలు, వెనక్కి వాలాలంటే పదీ పదకొండూ ఉండాలి.

ప్రశ్న: అక్రిలిక్‌తో అల్లొచ్చా?

జవాబు: నిక్షేపంగా. ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి, వేడికి అల్లిక చచ్చుబడి సాగిపోతుంది.

ప్రశ్న: మెరీనో టోపీ మెషీన్‌లో వేస్తే బొమ్మ టోపీ అయింది. మళ్లీ మామూలవుతుందా?

జవాబు: అవదు. వేడినీళ్లు, రాపిడి తోడైతే ఉన్ని పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. బొమ్మకే తొడగండి.

ప్రశ్న: రిటైరయ్యాక అల్లిక మొదలెట్టాను. అల్లుడు నవ్వుతున్నాడు.
– ఒక మాస్టారు, చింతపల్లి

జవాబు: నవ్వనివ్వండి. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి చలి తగిలితే ‘మామయ్యా, నాకూ ఒకటి’ అంటాడు. అల్లుడని మొహమాటపడక ఊలు డబ్బులు ముందే పుచ్చుకోండి.