ఉప్పు నీరు కారితే ఏం పోతుంది?

వానలు పట్టుకున్నాయి. గోడలు చెమ్మగిల్లాయి. ఉతికిన బట్టలు ఆరడం లేదు. వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు ముద్దయి ఉంది. అడుగున నీరు చేరింది.

ఆ ఇంటి కోడలు ఆ నీటిని పారబోయబోయింది.

"ఎవరో డబ్బాలో నీళ్ళు పోసినట్టున్నారు అత్తయ్యా" అంది.

"ఎవరూ పొయ్యలేదే అమ్మా. వానాకాలంలో ఉప్పు ఏడుస్తుంది. మా అమ్మ కాలం నుంచీ చూస్తున్నా. పారబొయ్యకు, కూరలో వేద్దాం" అంది అత్త.

అత్త మాట నిజం. నీళ్ళు ఎవరూ పోయలేదు. అవి గాలిలో నుంచి వచ్చాయి.

గాలిలో కంటికి కనపడని తేమ ఉంటుంది. గాలి పట్టగలిగినంత తేమ పడితే దాన్ని 100 పాళ్ళు అనుకుందాం. తేమ 75 పాళ్ళు దాటిందంటే ఉప్పు ఆ నీటిని తనలోకి లాక్కుంటుంది. వానాకాలం రాత్రిళ్ళు తేమ 75 దాటడం మామూలే. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఎండాకాలంలో కూడా దాటుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తే గాలి పొడిబారుతుంది. అప్పుడు ఉప్పు తాగిన నీటిని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. అలా తడిసి, ఆరి, గడ్డ కడుతుంది.

కొన్ని ఉప్పులు మరీ తొందరగా చెమ్మగిల్లుతాయి. దానికి కారణం ఉప్పు మడిలోనే ఉంది. చినగంజాంలో, నౌపడాలో సముద్రపు నీటిని మడులకు పెట్టి ఎండబెడతారు. ఉప్పు పేరుకున్నాక కొంత చేదు నీరు మిగులుతుంది. ఆ చేదు నీటిలో మెగ్నీషియం అనే పదార్థం ఉంటుంది. దానికి దాహం ఎక్కువ. 75 పాళ్ళ దాకా ఆగదు. కాస్త తేమ తగిలినా నీరు లాగుతుంది. చేదు నీటిని బాగా ఓడ్చి ఆరబెట్టిన ఉప్పు పొడిగా ఉంటుంది. ఓడ్చని ఉప్పు నాలుగు రోజులకే నీరు కారుతుంది. ఉప్పు వేలికి అంటుకుంటూ, నాలుక మీద చేదుగా ఉంటే అది సరిగా ఓడ్చని ఉప్పని అనుకోవచ్చు.

ఉప్పు తడిస్తే తడిసింది, కూరలో ఎలాగూ కరిగేదే కదా అనిపిస్తుంది. కానీ ఇప్పుడు మనం కొనే ఉప్పులో ఇంకొకటి కలిసి ఉంటుంది. అది అయోడిన్.

అయోడిన్ మనకు కావలసింది చాలా కొంచెం. జీవితమంతా తిన్నది కూడబెట్టినా ఒక చెంచా నిండదు. కానీ అది రోజూ అందాలి. అందకపోతే మెడ ముందు భాగం వాచి గడ్డలా లేస్తుంది. దాన్ని గాయిటర్ అంటారు. మెడ వాపు కంటికి కనిపిస్తుంది. కనిపించని నష్టం ఇంకా పెద్దది. గర్భిణికి అయోడిన్ చాలకపోతే కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. కొందరు పిల్లలకు మాట, వినికిడి కూడా రావు. పుట్టాక ఎంత మంచి తిండి పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. అందుకే గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మిగతావాళ్ళ కంటే ఎక్కువ అయోడిన్ కావాలి.

దీన్ని ఉప్పుతో ఆపవచ్చని మన దేశంలో చూపించిన వైద్యుల్లో ఒకరు తెలుగువారే. ఆయన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలో వైద్యం చదివారు. హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రా లోయ అని ఒక కొండ ప్రాంతం ఉంది. అక్కడ చాలామందికి గాయిటర్ ఉండేది. 1956లో ఆయన, మరికొందరు వైద్యులు ఆ లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఒక భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఐదారేళ్ళకు మళ్ళీ చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట బడిపిల్లల్లో గాయిటర్ దాదాపు సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. 1962లో మన ప్రభుత్వం గాయిటర్ నివారణ పథకం మొదలుపెట్టింది. 2006 నుంచి, తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి అయింది.

అయితే ఫ్యాక్టరీలో కలిపిన అయోడిన్ మన కంచం దాకా రావాలి. అది ఉప్పు రవ్వల పైపైన అంటి ఉంటుంది. ఉప్పు నీరు కారితే ఆ నీటిలోకి దిగిపోతుంది. నీటిని పారబోస్తే అయోడిన్ కూడా పోతుంది. ఆ అత్తకు అయోడిన్ సంగతి తెలియకపోవచ్చు. కానీ "పారబొయ్యకు" అని చెప్పి మంచి పని చేసింది.

కొందరు రాళ్ళ ఉప్పును మట్టి పోవాలని కడుగుతారు. కడిగితే మట్టితో పాటు అయోడిన్ కూడా పోతుంది. కడగనక్కర్లేని శుభ్రమైన ఉప్పు కొనడమే నయం. చెమ్మ ఆరాలని పెనం మీద వేయించడం, రోజంతా ఎండలో పోయడం కూడా మంచిది కాదు. వేడికి, ఎండకు అయోడిన్ తగ్గుతుంది. ముద్దయిన ఉప్పును పళ్ళెంలో పలచగా పరచండి. గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట నీడలో పెట్టండి. ఆరాక డబ్బాకు ఎత్తండి. గడ్డ కట్టిన ఉప్పు చెడిపోయినట్టు కాదు. చిదిపి వాడుకోవచ్చు.

ఇక ఉప్పు దేంట్లో పోయాలి? పూర్వం మట్టికుండలో పోసేవారు. కుండ గోడల్లో సన్నని రంధ్రాలుంటాయి. ఉప్పునీరు వాటిలో నుంచి బయటికి ఊరుతుంది. కుండ పైన తెల్లగా పూస్తుంది. కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. రేకు డబ్బా తుప్పు పడుతుంది. అల్యూమినియం గిన్నెకు గుంటలు పడతాయి. స్టీలు డబ్బాకు కూడా మచ్చలొస్తాయి. పింగాణీ జాడీ, గాజు సీసా, బిగువు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మంచివి. మూత బిగువుగా లేకపోతే ఎంత మంచి జాడీ అయినా దండగే.

ఉప్పు డబ్బా చాలా ఇళ్ళలో పొయ్యి పక్కనే ఉంటుంది. చేతికి అందాలి కదా! కానీ ఉడుకుతున్న కూర మీద డబ్బా పట్టుకుని ఉప్పు తీస్తే ఆవిరి లోపలికి పోతుంది. తడి చేత్తో తీస్తే తడి అంటుకుంటుంది. అందుకని వారానికి సరిపడా ఉప్పు చిన్న సీసాలో పోసుకుని, పొడి చెంచా వేసి పెట్టుకోవాలి. మిగతా ఉప్పును ప్యాకెట్‌తో సహా పెద్ద డబ్బాలో పెట్టి, పొయ్యికి దూరంగా, నేలకు తగలకుండా అలమరలో ఉంచాలి. ఉప్పును చేతికి ఇవ్వకూడదు, తగాదాలొస్తాయని పెద్దలంటారు. తగాదా సంగతి ఎలా ఉన్నా, తడి చెయ్యి తగలదు. పలచని గుడ్డలో కాసిని బియ్యం మూటకట్టి సీసాలో వేసినా కొంత చెమ్మ పీలుస్తుంది. కొన్నాళ్ళకొకసారి బియ్యం మార్చాలి.

అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ తినకూడదు. ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. పెద్దవాళ్ళకు అన్నిటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా లోపే చాలు.

దుకాణంలో ఉప్పు తీసుకునేటప్పుడు ప్యాకెట్ తిప్పి చదవండి. 'అయోడైజ్డ్' అన్న మాట ఉందా? తయారైన నెల, సంవత్సరం చూడండి. ప్యాకెట్ చిరిగి చెమ్మగా ఉంటే వద్దని చెప్పండి. మన చేతికి వచ్చేటప్పటికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. అది కంటితో తేలదు, పరీక్ష చేయాలి. ఆ పరీక్షకు చిన్న కిట్ ఉంటుంది. ఉప్పు మీద మందు చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది. మీ ఊళ్ళో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎమ్‌ను ఆ కిట్ ఉందేమో అడగండి.

గాలి నీళ్ళు తెస్తుందన్నది మీ ఇంట్లోనే చూడవచ్చు. వాన పడే రోజు ఒక చెంచా ఉప్పు సాసర్‌లో పోసి కిటికీలో పెట్టండి. ఇంకో చెంచా ఉప్పు మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి దాని పక్కనే పెట్టండి. మర్నాడు పొద్దున్నే రెండూ వేలితో తాకి చూడండి. ఏది అంటుకుందో మీ నోటుబుక్కులో రాయండి.