ఒంటి చేత్తో పెంచిన అమ్మలు, ఎదిగిన కూతుళ్లు

కాకినాడలో ట్రెజరీ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం పెన్షన్ సెక్షన్‌లోనే. భర్త పోయిన ఆడవాళ్ల ఫైళ్లు నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. వాళ్ల కొంగు పట్టుకుని వచ్చిన ఆడపిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఏదో కాగితం సందేహమంటూ ఫోన్ చేస్తారు. "అది సరేగానీ ఆంటీ..." అన్నారంటే అసలు సంగతి అప్పుడే మొదలైందన్నమాట. అమ్మతో వేగలేకపోతున్నారు. వాళ్ల అమ్మలూ నాకు ఫోన్ చేస్తారు, ఆ ముక్క పిల్లలకి తెలీదు. ఇద్దరికీ విడివిడిగా చెప్పేవే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. "ఎక్కడున్నావ్?" అని పూటకి నాలుగుసార్లు అడిగే తల్లికి కూతురి మీద అనుమానం ఉందనుకోకండి. ఆవిడ మొగుడు ఓ పొద్దున స్కూటరెక్కి వెళ్లాడు, మధ్యాహ్నం భోజనానికి రాలేదు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆలస్యం అంటే ఒకటే అర్థం. ఇది కూతురికి తెలియక కాదు, విసుగులో గుర్తుండదు. "ఎందుకమ్మా ఊరికే చేస్తావు?" అని కసిరితే ఆ ఫోన్లు పెరుగుతాయి. రోజూ ఒకే వేళకి, ఆవిడ చెయ్యకముందే, మీరే చేస్తే తగ్గుతాయి. రెండు నిమిషాలు చాలు, వేళ మాత్రం తప్పకూడదు. ఫోన్‌లో లొకేషన్ షేర్ చేసి ఊరుకుంటామనేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. దాంతో భయం పోదు సరికదా, కుక్కర్ పెట్టి కూడా మ్యాపే చూస్తుంది.

2. "నీ కోసమే కదే నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు." ఈ మాట వినని కూతురు అరుదు. ఇందులో నిజం సగమే. మా రాష్ట్ర రూల్సులో విధవరాలు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. చేసుకోలేదని ఏటా సంతకం పెట్టి ఇవ్వాలి. వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది, వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి 1881లో చేయించారు. ఇంత జరిగినా ఆ సంతకం నా టేబుల్ మీద ఏటా పడుతూనే ఉండేది. పైగా ఉద్యోగంలో ఉండగా భర్త పోతే మొదట జీతంలో సగం వస్తుంది, మామూలుగా ఏడేళ్లు దాటాక 30 శాతానికి దిగుతుంది. పిల్ల పైక్లాసులకొచ్చి ఫీజులు పెరిగే రోజులకి చేతికొచ్చేది తగ్గేది. కుట్టుమిషను కొన్నది, ట్యూషన్లు మొదలెట్టింది అందరూ ఆ రోజుల్లోనే. ముప్ఫై ఏళ్ల మనిషికి అప్పుడు వేరే దారేముంది? అందుకే తల్లులకే చెబుతాను: "ఆ రోజు నిన్ను ఆపింది పిల్ల కాదమ్మా, రూలు, మీ వాళ్లూ." కొందరికి నా మీద కోపం వచ్చింది. ఒకావిడ మాత్రం కాసేపు ఆలోచించి, "అడిగినవాడు కూడా ఎవడూ లేడులెండి" అని నవ్వేసింది. ఆపింది పిల్ల కాదన్న మాట కూతురి నోట మాత్రం రాకూడదు. కూతురు అంటే అది చేసిన మేలు మరిచిపోవడం అవుతుంది.

3. పెళ్లి గురించి. చాలా ఇళ్లలో పేచీ పుట్టేది ఇక్కడే, ఎవరూ గుర్తించరు. సంబంధం వెతికింది ఆవిడ, చిట్టీలు పాడి డబ్బు కూడబెట్టింది ఆవిడ, కల్యాణ మండపం మాట్లాడిందీ ఆవిడే. శుభలేఖ మీద తండ్రి పేరు ముందు "కీ.శే." ఉంటుంది, ఆహ్వానించేది బాబాయి. కన్యాదానం పీటల మీద పిన్నీ బాబాయీ కూర్చుంటారు. ఏడాదికోసారి కూడా ఈ గడప తొక్కని మనుషులు అల్లుడి కాళ్లు కడుగుతుంటే, పెంచిన మనిషి పక్కగదిలో పట్టుచీరలు లెక్కపెడుతూ ఉంటుంది. కుంకుమ భరిణె వరసలో అందరి దగ్గరా ఆగి ఆవిడ దగ్గర ఆగకుండా వెళ్లిపోతుంది. అప్పగింతల వేళకి మాత్రం "వదినగారేరీ?" అని వెతుకుతారు, ఏడవడానికి మనిషి కావాలి కదా.

నలుగురి ముందూ లేకుండా పోయిన హక్కుని ఆవిడ తర్వాత ఇంట్లో వెతుక్కుంటుంది. కూతురి వంటింటి డబ్బాలు సర్దడంలో, బారసాలకి ఏ చీర కట్టాలో చెప్పడంలో, "మా పిల్ల నేను చెప్పందే ఏదీ చెయ్యదు" అని వియ్యపురాలి ముందు అనడంలో. ఈ పెత్తనాన్ని అప్పుడు ఆపడం కష్టం. పెళ్లిలోనే ఆపచ్చు. తల్లే పీటల మీద కూర్చుంటుందని కూతురు ముందే చెప్పాలి. ఒప్పుకునే పురోహితులున్నారు, అడగాలంతే. శుభలేఖ మీద ఆహ్వానించేది ఆవిడ పేరే కావాలి. పెద్దవాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి. భోజనాలయ్యాక ఎవరికీ గుర్తుండదు.

4. డబ్బు సంగతి నేను కాస్త గట్టిగానే చెబుతాను, నా ఉద్యోగమే అది. భర్త వీలునామా రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, పిల్లలకీ, ఆయన తల్లి బతికుంటే ఆవిడకీ సమాన వాటాలొస్తాయి. మన అమ్మలు ఏం చేస్తారంటే, కూతురి పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద తమ వాటా కూడా సెటిల్‌మెంట్ రాసిచ్చేస్తారు. "నాకెవరున్నారు, అంతా దానిదేగా." ఆ తర్వాత కూతురింట్లో చుట్టంలా ఉండాల్సొస్తుంది. తనదంటూ గది లేని మనిషికి పట్టుకోవడానికి కూతురు తప్ప ఏం మిగులుతుంది? నేను చూసినంతలో సొంత కప్పు కింద ఉన్న తల్లులకి కూతురి మీద పెత్తనం తక్కువ. అందుకని ఇల్లు ఆవిడ పేరునే ఉండాలి. ఇవ్వాలనుకుంటే వీలునామా రాయమనండి, బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు. రాసిచ్చి తీరాలంటే, కడదాకా చూసుకోవాలన్న షరతు పత్రంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద, చూడకపోతే ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవడానికి ఆ షరతే ఆధారం.

ఇంకొకటి. కూతురి సొమ్ము తినకూడదని చాలామంది తల్లులకి పట్టుదల. డబ్బు తీసుకోరు, దాని బదులు ఇంటెడు చాకిరీ చేస్తారు, చేశాక అధికారం చెలాయిస్తారు. పెళ్లైన కూతురికీ తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. నెలనెలా ఆవిడ సొంత ఖాతాలో వెయ్యండి, లెక్క అడగొద్దు. ఆవిడ ఏటీఎం కార్డు మీ పర్సులో ఉంటే వెంటనే ఇచ్చెయ్యండి. మీ జీతం ఖాతా వివరాలు ఆవిడకి తెలియక్కర్లేదు, పెళ్లి కాకపోయినా సరే.

5. అల్లుణ్ణి మధ్యవర్తిని చెయ్యకండి. అతనేమన్నా తప్పే, ఏమీ అనకపోయినా తప్పే.

6. కారుణ్య నియామకంలో భర్త ఆఫీసులోనే చేరినవాళ్లని చాలామందిని చూశాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వాళ్లకి కూతురు ఒక్కటే లోకం కాదు. ఫైళ్లున్నాయి, యూనియన్ ఉంది, మధ్యాహ్నం క్యారేజీలు విప్పే జట్టు ఉంది. రిటైర్మెంటూ కూతురి పెళ్లీ ఒకే ఏడాది పడ్డాయా, ఇక చూసుకోండి. వీలైతే పెళ్లి ఓ ఏడాది ముందుకో వెనక్కో జరపండి, నవ్వకండి. ఇంట్లోనే ఉండిపోయిన తల్లులకి బయటి పని మీరు చూపించడం కాదు, ఉన్నవి లాక్కోకుండా ఉంటే చాలు. లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చెయ్యొచ్చు. కూతుళ్లు ముచ్చటపడి ఇంట్లోంచే చేసేస్తున్నారు. ఆవిడ కాళ్లు బాగుంటే ఆఫీసుకే వెళ్లనివ్వండి. మా వరండాలో ఆ రోజుల్లో కుదిరిన స్నేహాలు, కాశీ ప్రయాణాలకి వేసుకున్న ప్లాన్లు నాకు తెలుసు.

7. అన్నం మానేస్తాను, బీపీ మాత్ర వేసుకోను అనే దాకా వస్తే అది ప్రేమ పేరుతో చేసే బెదిరింపు. లొంగితే ప్రతిసారీ లొంగాలి. మేనమామనో, డాక్టరునో పిలవండి, మీరు మాత్రం ఆ పూట పెట్టుకున్న పని మానకండి.

8. చివరికి కూతుళ్లతో ఒక మాట. అమ్మ పెత్తనం చేస్తోందని ఫిర్యాదు చేసే మీలో చాలామంది ఇంట్లో పసివాణ్ణి పెంచుతున్నది ఆవిడే. ఊళ్లో ఇంటికి తాళం వేయించి, మియాపూర్ ఫ్లాట్‌కి తీసుకొచ్చారు. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కితే మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా దిగదు. చాకిరీ కావాలి, అభిప్రాయాలు వద్దు అంటే కుదరదు. పంపకం ముందే మాట్లాడుకోండి. పిల్లాడికి ఏం తినిపించాలో ఆవిడ ఇష్టం, ఏ స్కూల్లో వెయ్యాలో మీ ఇష్టం. వారానికో రోజు ఆవిడకి పూర్తిగా సెలవు. రెండు నెలలకోసారి ఊరికి పంపండి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్త్ టికెట్ మీరే తీయండి. తిరుగు టికెట్ మాత్రం, ఎప్పటికి కావాలంటే అప్పటికి, ఆవిడనే తీసుకోనివ్వండి.