అమ్మకి చెప్పని నవంబరు

సమస్య



మేం మెల్‌బోర్న్ పడమటి వైపున్న టార్నీట్‌లో ఉంటాం. నాకు 36 ఏళ్లు. మా వారు సాఫ్ట్‌వేర్, నేను చైల్డ్‌కేర్ సెంటర్‌లో పనిచేస్తాను. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. అమ్మ తెనాలిలో ఉంటుంది. నాన్న పోయినప్పటి నుంచి ఒక్కతే. అన్నయ్య వాళ్లు హైదరాబాదులో ఉంటారు.

ప్రతి ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేస్తాను. ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయి. అందుకని మంచి కబుర్లే చెప్పడం అలవాటు చేసుకున్నాను. బాబు ఏం మాట్లాడాడు, పెరట్లో గోంగూర ఎంత ఎదిగింది, మాగ్‌పై పిట్ట మా వారి హెల్మెట్ మీద ఎలా పొడిచింది, ఇలాంటివి.

ఈ నవంబరులో మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేల సెలవు. సోమవారం కూడా లీవు పెట్టుకుని జిలాంగ్ దాటి సముద్రం దగ్గరికి వెళ్లాం. ఆ ఫొటోలన్నీ అమ్మకి పంపాను. అదే వారంలో మా వారి ఉద్యోగం పోయింది. కంపెనీలో మనుషుల్ని తగ్గించేశారు. అది చెప్పలేదు.

తర్వాతి వారంలో ఒకరోజు పగలంతా వడగాలి, పొద్దుగూకేసరికి ఉరుములతో వాన. పాపకి వసంతకాలంలో తుమ్ములు, కళ్ల దురద తప్ప ఏ జబ్బూ లేదు. ఆ రాత్రి ఒక్కసారిగా పిల్లికూతలు మొదలై, నాలుగు మాటలు కలిపి చెప్పలేకపోయింది. ట్రిపుల్ జీరోకి ఫోన్ చేశాం. అంబులెన్స్‌లో ఆసుపత్రికి వెళ్లి, మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరాం. ఆదివారం కాల్‌లో పాపకి మంచి గౌను వేసి కూర్చోబెట్టాను. దగ్గు వస్తుంటే ఫోన్ నా వైపు తిప్పుకున్నాను. ‘పిల్ల చిక్కిందేమే?’ అంది అమ్మ. ‘ఎండలు కదమ్మా’ అన్నాను.

మా వీధిలో ఒక తెనాలి కుటుంబం ఉంది. ఆ రాత్రి బాబుని వాళ్ల దగ్గరే వదిలి వెళ్లాం. ఆ ఇంటి పెద్దావిడ తెనాలిలోనే ఉంటారు. కార్తీక సోమవారం శివాలయంలో అమ్మ కనబడితే, ‘మనవరాలికి నెమ్మదించిందా? అల్లుడికి వేరే ఉద్యోగం దొరికిందా?’ అని రెండూ ఒకేసారి అడిగేశారట.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ చేసి ‘పాపకి తగ్గిందా’ అంది. తగ్గిందనగానే ‘సరే, ఉంటానమ్మా’ అని పెట్టేసింది. అప్పటి నుంచీ అంతే. అన్నయ్యకి ఫోన్ చేసి ఏడిస్తే, ఆయన ఉండబట్టలేక ఇంకో సంగతి చెప్పాడు. దీపావళి రోజుల్లో అమ్మ బాత్రూంలో జారిపడిందట. కుడి మణికట్టు విరిగి పిండికట్టు వేశారట. ఆదివారాలు ఆ చేతి మీద కొంగు కప్పుకుని కూర్చునేదట.

నేను ఆవిడ ఆరోగ్యం కోసం దాచాను. ఆవిడ నా దగ్గర ఎందుకు దాచాలి? కూతుర్ని కానా? ఇంట్లో మా వారేమో ‘ఉద్యోగం సంగతి మీ అమ్మకి చెబితే ఊరంతా చెప్పినట్టే, మా అమ్మానాన్నలకి తెలియకూడదు’ అంటున్నారు. ఇకమీదట అన్నీ చెప్పేయాలా? ఈ వయసులో ఆవిడని భయపెట్టడం న్యాయమా? దారి చెప్పండి.

ఒక సోదరి, టార్నీట్

సలహా

అమ్మా, ముందు ఆ రాత్రి గురించి చెబుతాను. పిల్ల మాట తడబడగానే ఆలస్యం చేయకుండా ఫోన్ చేశారు. చేయాల్సింది చేశారు. మీ ఊళ్లో 2016 నవంబరు 21 సాయంత్రం ఇలాగే ఉరుముల వాన వచ్చినప్పుడు వేలమందికి ఊపిరాడలేదు, పదిమంది చనిపోయారు. రైగ్రాస్ గడ్డి పుప్పొడి తేమకి చిట్లి, కంటికి కనబడని నలుసులై, వాన ముందొచ్చే గాలితో నేలమట్టానికి దిగుతుంది. ముక్కులో ఆగే పుప్పొడి అప్పుడు ఊపిరితిత్తుల లోతుకి పోతుంది. అంతకుముందు ఆయాసం ఎరగని వాళ్లకి, పాపలాగా తుమ్ములు మాత్రమే వచ్చే వాళ్లకి కూడా ఆ రోజు ప్రాణం మీదికి వచ్చింది. మీ విక్టోరియా రాష్ట్రంలో ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు చివరిదాకా ఈ ముప్పు మీద రోజువారీ సూచన ఇస్తారు. ముప్పు ఎక్కువని చెప్పిన రోజు వానకి ముందే పిల్లల్ని లోపలికి తెచ్చి కిటికీలు వేసేయండి. డాక్టర్ చేత ఆస్త్మా ప్లాన్ రాయించుకుని ఒక కాపీ బడిలో ఇవ్వండి. ఆయాసానికి పీల్చే నీలం పఫర్, దానికి తగిలించే స్పేసర్ ఇంట్లో ఒకటి, బడి సంచిలో ఒకటి ఉండాలి.

ఇదంతా మీకే కాదు, మీ అమ్మగారికీ చెప్పాల్సిన సమాచారం. ‘మనవరాలికి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు’ అని శివాలయంలో విన్న మనిషికి ఆ రాత్రి ఏమేం కళ్లముందు మెదిలి ఉంటాయో ఆలోచించండి. ఎందుకు వచ్చింది, ఏం మందు వేశారు, మళ్లీ వస్తే ఏం చేస్తారు, ఏదీ తెలియదు. బీపీ ఉన్న మనిషిని వార్త కన్నా ఇలా సగం తెలిసిన వార్త ఎక్కువ కుదిపేస్తుంది.

ఆవిడ మనసు విరిగింది పాప జబ్బు వల్ల కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. దీపం వెలిగించుకుంటున్న చోట పక్కావిడ తన మనవరాలి ఆరోగ్యం అడిగితే, ఏం చెప్పాలో తెలియక నిలబడాల్సి వచ్చింది. వీధిలో వాళ్లకి తెలిసింది తనకి తెలియదు. అమ్మమ్మకి అంతకన్నా చిన్నతనం ఏముంటుంది? ఆ పెద్దావిడ మీద కోపం పెట్టుకోకండి. ఆ రాత్రి మీ బాబుని గుండెలకి హత్తుకున్న ఇల్లు అది.

ఇంకో నష్టం ఉంది. డిసెంబరు వస్తోంది, కార్చిచ్చుల కాలం. ఎక్కడో న్యూ సౌత్ వేల్స్ కొండల్లో అడవి అంటుకుంటే మన టీవీలు ‘ఆస్ట్రేలియాలో మంటలు’ అని రోజంతా చూపిస్తాయి. తెనాలిలో మీ అమ్మగారు ఫోన్ తీస్తారు. ‘ఆ మంటలు మాకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయమ్మా’ అని మీరు నిజమే చెబుతారు. ఆవిడ ఎలా నమ్ముతారు? ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లని ఎండకి చిక్కిందన్న కూతురు, పొగ కమ్మినా దూరమనే అంటుంది కదా అనుకుంటారు. కష్టం వచ్చినప్పుడు చెప్పి ఉంటేనే, కష్టం లేదన్నప్పుడు ఆవిడ నిశ్చింతగా పడుకోగలుగుతారు. మీరు ఆవిడ నుంచి తీసేసుకున్నది ఆ నిద్రని. దాన్ని తిరిగి ఇవ్వడమే ఇప్పుడు మీ పని.

ఇక ఆవిడ ఎందుకు దాచారంటే, మీరు దాచిన కారణానికే. చెయ్యి విరిగిందని చెబితే పిల్లల్ని, పనిని వదిలి టికెట్టు కొనుక్కుని పరుగెత్తుకొస్తారని, రాలేకపోతే అక్కడ కుమిలిపోతారని. అది తెలియగానే మీకు ‘కూతుర్ని కానా’ అని కోపం వచ్చింది. శివాలయంలో ఆవిడకి వచ్చిందీ అదే కోపం. మీరు నాకు ఉత్తరం రాశారు, ఆవిడ ఫోన్ పెట్టేస్తున్నారు. తల్లీకూతుళ్లిద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ రోజురోజుకీ దూరమవుతున్నారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది. పరదేశంలో పిల్లలున్న ఎన్నో ఇళ్లలో ఇదే జరుగుతోంది.

అన్నీ చెప్పాలా? అక్కర్లేదు. భార్యాభర్తల మధ్య మాటామాటా, ఆఫీసులో పైవాళ్ల చికాకులు, తెల్లారితే పోయే జలుబులు చెప్పనవసరం లేదు. ఆసుపత్రి, ఉద్యోగం, ఇల్లు, ఎవరైనా పడిపోవడం, ఇవి మాత్రం ఆ రోజో మర్నాడో తెలియాలి. మీ నుంచి ఆవిడకీ, ఆవిడ నుంచి మీకూ. అన్నయ్యగారికి కూడా ఈ మాట స్పష్టంగా చెప్పండి. అమ్మ వద్దన్నా సరే, ఆసుపత్రి మెట్లెక్కితే చెల్లెలికి చెప్పాలి.

చెప్పే వరస కూడా ముఖ్యం. ముందు ఇప్పుడెలా ఉందో చెప్పండి. తర్వాత ఏం జరిగిందో, డాక్టర్ ఏమన్నారో, రేపు ఏం చేయబోతున్నారో చెప్పండి. ‘పాప ఇంట్లోనే ఉంది, అన్నం తింటోంది, మొన్న రాత్రి ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళ్లాం’ అని మొదలుపెడితే ఆవిడ గుండె ఆగదు. భర్తని సాగనంపి, ఒంటరిగా ఇల్లు నడుపుకుంటున్న మనిషి. మీరనుకున్నంత పెళుసు కాదు.

ఆదివారం కాల్ ఈ మాటలకి పనికిరాదు. అందరూ తయారై కూర్చునే కాల్ అది. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మీ గడియారం తెనాలి కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. కార్తీక స్నానానికి ఆవిడ తెల్లవారుజామున ఐదింటికి లేస్తే మీకు పదిన్నర. సెలవు రోజు ఆ వేళకి ఒక్కరే ఫోన్ చేయండి. వీడియో వద్దు. మొహాలు చూసుకోనప్పుడు మాట సులువుగా వస్తుంది. దాచినందుకు కారణాలు చెప్పకండి. ఆ రాత్రంతా మొదటి నుంచి చెప్పండి, మీరు ఎంత భయపడ్డారో కూడా. ఆ తర్వాతి కాల్‌లో పాప చేతికి ఫోన్ ఇచ్చి, పఫర్ ఎలా పీల్చాలో అమ్మమ్మకి నేర్పించమనండి. చిన్నపిల్ల తన నోటితో చెబితే పెద్దవాళ్లకి దిగే ధైర్యం మనం చెబితే దిగదు.

మీ వారి మాట కూడా తీసిపారేయదగ్గది కాదు. ఉద్యోగం ఆయనది, ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆయన ఇష్టం. అయితే ఆ గుట్టు ఇప్పటికే తెనాలి శివాలయం దాకా వెళ్లింది. అక్కడి నుంచి అత్తమామల చెవిన పడటానికి ఎంతో కాలం పట్టదు. పరాయివాళ్లు చెప్పే లోపు ఆయనే ఫోన్ చేసుకోవడం ఆయనకే గౌరవం. ఈ మాట వాదనగా కాకుండా ఆయన పక్కన కూర్చుని చెప్పండి. ఆయన చెప్పేదాకా ‘ఇది మనిద్దరి మధ్యే ఉంచమ్మా’ అని మీ అమ్మగారిని అడగండి. నమ్మి అడిగితే ఏ తల్లీ మాట జారదు. ఇంటి కిస్తీ గురించి బెంగ ఉంటే, కిస్తీ తప్పకముందే బ్యాంకు వాళ్లకి చెప్పి హార్డ్‌షిప్ వెసులుబాటు అడగండి. అడిగితే పరిశీలించడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత. నేషనల్ డెట్ హెల్ప్‌లైన్ 1800 007 007లో డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు. మీ వారు మొహమాటపడితే ఆ ఫోన్ మీరే చేయండి.

ఒక్క జాగ్రత్త. పాప కబురు, ఉద్యోగం కబురు మొదలెట్టే ముందు ఆవిడ చేతి గురించి అడగండి. దాచావేమని నిలదీయకండి. కుడిచెయ్యి కదా, జడ ఎవరు వేస్తున్నారు, అన్నం ఎవరు కలిపి పెడుతున్నారు, షుగర్ మాత్రల డబ్బా మూత తీయగలుగుతోందా, కట్టు విప్పించడానికి ఆసుపత్రికి తోడు ఎవరు వెళ్తారు, అన్నీ అడగండి. పనిమనిషిని పెట్టాలంటే అన్నయ్యగారితో మాట్లాడి ఆ వారంలోనే ఏర్పాటు చేయండి. డబ్బు ఇబ్బందిగా ఉన్న నెలలో మీ వాటా ఎంత పంపగలరో ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పండి.