దారి ఎంచుకునే కథల్లో గ్రహాంతరవాసులు: అవగాహన

ఏమిటీ పుస్తకాలు?

వీటిని మొదటి పేజీ నుంచి వరసగా చదివితే కథ అర్థం కాదు. రెండు మూడు పేజీలు నడిచాక పేజీ అడుగున ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆ వింత నౌకలోకి అడుగుపెడతావా, అయితే ఫలానా పేజీ తియ్యి. చాటున దాక్కుంటావా, ఇంకో పేజీకి వెళ్లు. కథానాయకుడికి పేరుండదు. 'నువ్వు' అని సంబోధిస్తూ రాయడమే ఈ ప్రక్రియకు ప్రధాన లక్షణం. ఒక దారి క్షేమంగా ఇంటికి చేరుస్తుంది, మరొకటి ప్రాణం తీస్తుంది. పిల్లలు వెనక్కి వచ్చి ఇంకో దారి పడతారు.

పుట్టుక

ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అమెరికాలో న్యాయవాది. రాత్రి పడుకోబోయే ముందు కూతుళ్లకు కథలు చెప్పేవారు. ఒకసారి కథ ఎటు నడపాలో తోచక, మీరైతే ఏం చేస్తారని వాళ్లనే అడిగారు. ఇద్దరూ చెరో జవాబు చెప్పారు. రెండు దారులూ ఉంచేస్తే సరి అన్న ఆలోచన అక్కడే పుట్టింది. 1969లో 'షుగర్‌కేన్ ఐలాండ్' రాశారు. ప్రచురణకర్తలెవరూ ముందుకు రాలేదు. చివరికి 1976లో వెర్మాంట్‌లో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్న ఆర్.ఎ. మాంట్‌గోమరీ దాన్ని అచ్చు వేశారు. 1979లో బాంటమ్ బుక్స్ 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' వరసను మొదలుపెట్టింది. తొలి పుస్తకం ప్యాకర్డ్ రాసిన 'ది కేవ్ ఆఫ్ టైమ్'. 1998 దాకా 184 పుస్తకాలు వచ్చాయి, 25 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

గ్రహాంతరవాసులు ఎందుకు కుదిరారు?

ఈ వరసలో అంతరిక్ష కథలకు మొదటి నుంచీ చోటుంది. మాంట్‌గోమరీ 'స్పేస్ అండ్ బియాండ్' రాస్తే, ప్యాకర్డ్ 'ది థర్డ్ ప్లానెట్ ఫ్రమ్ ఆల్టెయిర్' రాశారు. ఆల్టెయిర్ అంటే మన శ్రవణా నక్షత్రమే; సుమారు 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సముద్రపు దొంగ కనిపిస్తే వాడేం చేస్తాడో పిల్లలకు ముందే తెలుసు. గ్రహాంతరవాసి విషయంలో ఆ ముందస్తు జ్ఞానం ఉండదు. స్నేహానికి వచ్చాడా, బంధించడానికి వచ్చాడా తేల్చుకోకుండానే నిర్ణయం తీసుకోవాలి. సగం తెలిసీ సగం తెలియకా ఎంచుకోవడమే ఈ పుస్తకాల అసలు రుచి. అందుకే ఈ ప్రక్రియకు ఇంతకన్నా తగిన వస్తువు లేదని నా అభిప్రాయం.

అల్టిమా: ఏ దారీ చేర్చని గ్రహం

గుర్తుంచుకోవలసిన పుస్తకం ఒక్కటంటే, అది ప్యాకర్డ్ 1982లో రాసిన 'ఇన్‌సైడ్ యూఎఫ్ఓ 54-40'. నువ్వు న్యూయార్క్ నుంచి లండన్‌కు కాంకార్డ్ విమానంలో వెళ్తుంటావు. కిటికీలోంచి తెల్లటి స్తంభం లాంటి నౌక కనిపిస్తుంది. మరుక్షణం ఆ నౌకలోనే ఉంటావు. నిన్ను పట్టుకున్నవాళ్లు వేరువేరు లోకాల జీవులను సేకరిస్తుంటారు. కథలో అల్టిమా అనే స్వర్గంలాంటి గ్రహం ప్రస్తావన వస్తుంది. నిర్ణయాలు తీసుకుంటూ, సూచనలు పాటిస్తూ పోతే అక్కడికి ఎవరూ చేరలేరని పుస్తకమే ముందుగా హెచ్చరిస్తుంది. అది నిజం. ఏ పేజీ అడుగునా అటు వెళ్లమన్న సూచన లేదు. అయినా అల్టిమాను వర్ణించే పేజీలు పుస్తకంలో ఉన్నాయి. ఊరికే పేజీలు తిరగేసే పిల్లవాడికే అవి దొరుకుతాయి. దొరికినప్పుడు పుస్తకం వాడిని మందలించదు, అభినందిస్తుంది!

పాఠకుడే రచయిత అవుతాడన్న మాట టెట్, డీఎస్సీ రాసే చాలామంది అభ్యర్థుల జవాబుల్లో కనిపిస్తుంది. అది సరికాదు. ప్రతి దారినీ, ప్రతి ముగింపునూ రచయిత ముందే రాసిపెట్టాడు. పాఠకుడు వాటిలో ఒకదాన్ని ఏరుకుంటాడు, అంతే. ఈ హద్దును పిల్లలకు చేతితో తాకి చూపించిన పుస్తకం 'ఇన్‌సైడ్ యూఎఫ్ఓ 54-40'. నియమం ఎవరు పెట్టారు, దాన్ని దాటితే ఏమవుతుంది అని పదేళ్ల పిల్లవాడు ఉపన్యాసం లేకుండానే ఆలోచిస్తాడు. బాలసాహిత్యం పిల్లల తెలివిని ఇంతగా నమ్మిన సందర్భాలు అరుదు.

టెట్, డీఎస్సీ, బీఈడీ అభ్యర్థులకు

ఈ పుస్తకాలను పోలిన పద్ధతి కార్యక్రమయుత అభ్యసనంలోనూ ఉంది. అందులో స్కిన్నర్‌ది రేఖీయ పద్ధతి, నార్మన్ క్రౌడర్‌ది శాఖీయ పద్ధతి. క్రౌడర్ పద్ధతిలో రాసిన పాఠ్యపుస్తకంలోనూ ఎంచుకున్న జవాబును బట్టి వేరే పేజీకి వెళ్లాలి. పైకి చూస్తే ఆ పాఠ్యపుస్తకమూ, దారి ఎంచుకునే కథా ఒకటే. అయితే పాఠ్యపుస్తకంలో తప్పు జవాబు ఎంచుకుంటే ఎందుకు తప్పో వివరించి తిరిగి అదే ప్రశ్న దగ్గరికి పంపుతారు. చివరికి అందరూ చేరే గమ్యం ఒక్కటే. కథలో సరైన జవాబంటూ ఉండదు, గమ్యాలు అనేకం. జాగ్రత్తగా ఆలోచించి ఎంచుకున్న దారి కూడా ప్రమాదంలో ముగియవచ్చు.

ముందూ వెనకా

దారులు చీలే కథ అన్న ఊహ అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1941 నాటి కథల్లోనే ఉంది. ఫ్రాన్స్‌లో రేమో కెనో 1967లో పాఠకుడు ఎంచుకుంటూ చదివే చిన్న కథ రాశారు. బ్రిటన్‌లో 1982లో 'ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్' పుస్తకం ఈ ప్రక్రియకు పాచికలు జోడించింది. నెట్‌ఫ్లిక్స్ 2018లో 'బ్యాండర్‌స్నాచ్' చిత్రాన్ని ఇదే తీరులో తీసింది. ఆ మరుసటి ఏడాది, మాంట్‌గోమరీ స్థాపించిన చూజ్‌కో సంస్థ 'చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్' ట్రేడ్‌మార్క్ విషయంలో నెట్‌ఫ్లిక్స్‌పై దావా వేసింది.

సాధన ప్రశ్న

శాఖీయ కార్యక్రమంలోని తప్పు జవాబుకూ, దారి ఎంచుకునే కథలోని విషాదాంతానికీ ఉన్న తేడాను వివరించండి. అల్టిమా గ్రహం ఈ రెండింటిలో దేనికీ ఎందుకు చెందదో కారణాలతో రాయండి.