ఇటలీలో మెనూ కార్డు చదవడం ఎలా?

ఇటలీలో తక్కువ ఖర్చుతో కూర్చుని తినాలంటే ముందు మెనూ చదవడం రావాలి. ఎమ్మెస్‌కి అటు వెళ్దామా అని ఆలోచిస్తున్న నాలాంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఈ పాఠం చెప్పింది మా పెద్దమ్మ కూతురు. అక్క టురిన్‌లో చదువుతోంది. స్కాలర్‌షిప్ డబ్బుతోనే నెలంతా గడవాలి, పైగా వెజిటేరియన్. ఒక్క ఆర్డర్ తప్పు ఇస్తే రెండు రోజుల కూరగాయల డబ్బులు పోయినట్టే.

ముందు బోర్డు. రిస్తొరాంతే అంటే కాస్త పెద్ద హోటల్. త్రత్తోరియా అంటే ఎక్కువగా ఇంటివాళ్లే నడుపుకునే మామూలు భోజనశాల. ఓస్తేరియా ఒకప్పుడు వైను పోసే చోటు. తావొలా కాల్దాలో వండిన వంటకాలు అద్దాల వెనక కనిపిస్తాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు. కానీ పేరుని గుడ్డిగా నమ్మొద్దు. మోదెనా ఊళ్లో ఓస్తేరియా ఫ్రాంచెస్కానా అని ఒకటుంది, దానికి మూడు మిషెలిన్ స్టార్లు! అందుకే బయట పెట్టిన కార్డులో ధరలు చూశాకే లోపలికి అడుగు పెట్టాలి.

కార్డులో వరస ఇలా ఉంటుంది: ఆంతిపాస్తి, అంటే ముందు కాస్త నంజుకునేవి. తర్వాత ప్రీమి, అంటే పాస్తా, రిసోత్తో, సూపు. సెకొందిలో మాంసం, చేపలు. కొంతోర్ని అంటే కూరగాయలు. చివర దోల్చి, స్వీట్లు. మన భోజనంలా అన్నీ ఒకే పళ్లెంలో రావు, కూర విడిగా చెప్పుకోవాలి, విడిగా డబ్బు కట్టాలి. అలాగని అన్నీ తినాలని రూలేం లేదు. ఒక్క ప్రీమో చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. మధ్యాహ్నం చాలా చోట్ల ఒకే రేటుకి ప్రీమో, సెకొందో, నీళ్లు కలిపి ఇస్తారు. డబ్బు తక్కువున్నవాళ్లు బయట తినాలనుకుంటే రాత్రి కాదు, మధ్యాహ్నమే వెళ్లాలి.

బిల్లులో కొపేర్తో అని ఒక లైను ఉంటుంది. అది టిప్పు కాదు. కూర్చున్నందుకు, ప్లేటుకి, రొట్టెకి కలిపి మనిషికి సాధారణంగా 1 నుంచి 3 యూరోలు. నలుగురు కూర్చుంటే ఇంకో ప్లేటు పాస్తా డబ్బులు! రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006లో చట్టం చేసి దీన్ని ఆపారు. అక్కడ దాని బదులు రొట్టెకి డబ్బు వేస్తుంటారు, అది వేరే సంగతి.

ఇక పలకడం. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు తెలుగు లిపి విలువ ఇక్కడే తెలిసింది. ఇటాలియన్‌లో ట లేదు, మన త ఉంది. మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ద్విత్వాక్షరాన్ని మనలాగే ఒత్తి పలుకుతారు. మనం బ్రుషెట్టా అనేది నిజానికి బ్రుస్కెత్తా. ఒత్తు ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు: పెన్నె అంటే పాస్తా, ఒత్తు తీసేస్తే వెయిటర్ ముందు తలెత్తుకోలేం. ఎందుకో మీరే వెతుక్కోండి.

వెజిటేరియన్లకి ఒక శుభవార్త. ఇటలీలో పెపెరోని అంటే మాంసం కాదు, క్యాప్సికమ్. మరినారా పిజ్జా పేరు సముద్రాన్ని గుర్తుచేసినా అందులో చేప ఉండదు. టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. తరచుగా కార్డులో అన్నిటికంటే చవక కూడా అదే. చూడ్డానికి టొమాటో పాస్తాలా ఉండే అమత్రిచానాలో మాత్రం పంది మాంసం ఉంటుంది. పర్మిజానో చీజుకి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆ సంగతి తెలిశాక అక్క మొదట నేర్చుకున్న మాట ‘సెంత్సా ఫోర్మాజ్జో’, చీజు లేకుండా అని.

ఇంకో మాట, ‘అల్లా రొమానా’. బిల్లు అందరూ సమానంగా పంచుకోవడం. పక్కవాడు మాంసం, వైను తెప్పించుకుని, మీరు మరినారా తిన్నా వాటా ఒకటే. అప్పుడు ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘కోంతి సెపరాతి’, అంటే ఎవరి బిల్లు వాళ్లకి, అని అడగాలి. అన్ని చోట్లా ఒప్పుకోరు. అక్క అడిగిన ఐదు చోట్లలో రెండు చోట్ల ఒప్పుకున్నారట.