భూగర్భ మార్గాలకు కందెన

కోనసీమలో కంటికి కనిపించే మార్గాలు కాలువలు. కనిపించని మార్గాలు చమురును, సహజవాయువును మోసుకొనిపోయే ఉక్కు గొట్టాలు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలకు జీవం పోసింది. కృష్ణా–గోదావరి పరీవాహక ప్రాంతంలో వెలుగుచూసిన నిక్షేపాలు గొట్టాలకు కారణమయ్యాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలలో ఈ రెండు మార్గాలూ ఒకదానినొకటి దాటక తప్పదు. కాలువకు అడ్డంగా కందకం తవ్వితే సాగునీరు ఆగుతుంది, గట్టు బలహీనపడుతుంది. తోటలో తవ్వితే ఏళ్ళతరబడి కాపు కాస్తున్న కొబ్బరిచెట్లు కూలుతాయి.

పైనేలను చీల్చకుండా ఒక ఒడ్డున భూమిలోకి దిగి, నీటి అడుగుగా సాగి, ఆవలి ఒడ్డున పైకి తేలే రంధ్రాన్ని తొలిచి, అందులోకి గొట్టాన్ని లాగే పద్ధతి ఇందుకు పరిష్కారం. 1971లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పహారో నదిని ఈ విధంగా దాటారు. తొలిచే యంత్రం ఎంత బలమైనదైనా, రంధ్రంలో పలుచని బురద నిండి ఉండకపోతే పని సాగదు. తెగిన మట్టిని బయటికి మోసుకురావడం, రంధ్రం గోడలు కూలకుండా ఆపడం, లాగుతున్న గొట్టానికి రాపిడి తగ్గించడం ఆ బురద చేసే పనులు. బండి ఇరుసుకు పూసే జిడ్డును మన పెద్దలు 'కందెన' అన్నారు. బండ్లతోపాటే మరుగున పడుతున్న ఆ చక్కని మాట ఈ బురదకు చక్కగా సరిపోతుంది.

ఈ బురదకు మూలం బెంటొనైట్ అనే బంకమట్టి. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో ఇది విస్తారంగా లభిస్తుంది. మంచినీటిలో ఉబ్బి చిక్కబడే ఈ మట్టి, ఉప్పునీటిలో ఉబ్బలేక ముద్దకట్టి అడుగున పేరుకుంటుంది. సముద్రతీరానికి చేరువైన గ్రామాలలో భూగర్భజలం ఉప్పుదేరినచోట ఈ లోపం మరింతగా బాధిస్తుంది. అక్కడ అక్కరకు వచ్చేది ఒక సూక్ష్మజీవి.

దాని పేరు జాంతోమోనాస్ కాంపెస్ట్రిస్. క్యాబేజీ పంటకు నల్లకుళ్ళు తెగులు తెచ్చే బాక్టీరియా ఇదే. రైతుకు శత్రువైన ఈ జీవి చక్కెరను తిని, తన చుట్టూ ఒక జిగురును స్రవిస్తుంది. అమెరికాలోని పియోరియా వ్యవసాయ పరిశోధనశాలలో అలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ జిగురు విలువను గుర్తించారు. 'జాంతన్ గమ్' అనే పేరుతో వ్యాప్తిలోకి వచ్చిన దానిని 1969లో ఆ దేశం ఆహారపదార్థాలలో వాడుకకు అనుమతించింది. ఐస్‌క్రీములో ఉన్నదీ, బురదలో కలిపేదీ ఒకే పదార్థమంటే విద్యార్థులకు విడ్డూరంగానే తోచవచ్చు!

నూటికి ఒక పాలైనా మించకుండా కలిపితే చాలు, నీరు చిక్కబడుతుంది. ఉప్పు దీనిని అంతగా బాధించదు. దీనికి మరొక విచిత్ర గుణమున్నది. కదిలించినపుడు పలుచబడి, నిలిచినపుడు మళ్ళీ చిక్కబడుతుంది. అందువల్ల పంపు నడుస్తున్నంతసేపు బురద సులువుగా ప్రవహిస్తుంది. పంపు ఆగితే ఇసుకరేణువులను అడుగుకు జారనీయక పట్టి ఉంచుతుంది.

అయితే ఒక సూక్ష్మజీవి వండిన జిగురు ఇతర సూక్ష్మజీవులకు ఆహారం. బురద నిలవ ఉంటే పులిసి, పలుచబడి, పట్టు కోల్పోతుంది. దానిని నివారించే మందులు మోతాదు మించితే, బురద పొంగి వెలువడిన కాలువలోని చేపలకు చేటు. గాలి సోకని తడినేలలో సల్ఫేటును గ్రహించి బ్రతికే బాక్టీరియా, పూత చెదిరినచోట ఉక్కును తినివేస్తుంది. తుప్పు అంటే ఏమిటో కోనసీమకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో వాయుగొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. తడి వాయువు ప్రవహించడం వల్ల ఆ గొట్టం లోపలి నుండి తుప్పుపట్టినదని విచారణలో తేలింది. అది సూక్ష్మజీవుల నేరం కాదు, మానవుల అజాగ్రత్త. కాని ఆనాటి నుండి అక్కడివారు గొట్టం అన్న మాటను తేలికగా వినలేరు.

పరిశోధకులు ఇప్పుడు మరొక జీవిని పరీక్షిస్తున్నారు. స్పోరోసార్సినా పాశ్చరీ అనే బాక్టీరియా యూరియాను విడగొట్టి, కాల్షియంతో కలిపి సున్నపురాయిని ఏర్పరుస్తుంది. వదులైన ఇసుకలో ఆ సున్నం రేణువులను అతికితే కందెన నేలలోకి ఇంకిపోదు, రంధ్రం కూలదు. ఈ చర్యలో అమ్మోనియా కూడా పుడుతుంది. ఊటబావులపై ఆధారపడిన ఊళ్ళలో దానిని ఎక్కడికి మళ్ళించాలన్నదే ఈ పద్ధతి ముందున్న చిక్కు.